ఏం లేవయ్యా, పోయినాయి

ఆయన్ని గురించి చెప్పాలంటే ముందు వాసన గురించి చెప్పాలి. ఎండిన బురద, మగ్గిన సరుగుడు ఆకు, చెమట, వీటన్నిటి అడుగున సన్నగా సుద్దముక్క వాసన. కావలి కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన సారు ఆయన. గురువారం నుంచే ఒంటికి సబ్బు తగలనిచ్చేవారు కాదు. శనివారం తెల్లారేసరికి స్కూటర్ మీద అల్లూరు దాటి సముద్రం వైపు పోయి, సరుగుడు తోటలకూ కాలువకూ మధ్య బలిసిన సర్కారు తుమ్మ అడవిలో దూరేవారు. అడవిపందుల కోసం.

"పందికి కళ్ళు మందమమ్మా. నువ్వు రాకముందే నీ సబ్బు వచ్చి నీ పేరు, ఊరు అన్నీ చెప్పేస్తుంది దానికి" అనేవారు.

ఆదివారం ఎంత తోముకొని వచ్చినా చర్చిలో ఆయన కూర్చున్న బెంచీ మీద అటూ ఇటూ ఒక్కో మనిషి పట్టే చోటు ఖాళీగానే ఉండేది. ఆయన దానికేమీ చిన్నబుచ్చుకోలేదు. "దేవుడు నాకు గాలాడే చోటిచ్చినాడు" అని నవ్వేవారు. అడవికి తొడుక్కునే చొక్కా ఒకటే. దాన్ని ఉతకరు, ఇంట్లోకి రానివ్వరు. వాళ్ళ పెరట్లో జామచెట్టు కొమ్మకు వేలాడుతూ ఉండేది. "ఆ చొక్కా లోపలికొస్తే నేను బయటికి పోతా" అని ఆంటీ, అంటే సారు భార్య, పెళ్ళైన కొత్తలోనే తేల్చి చెప్పేశారట.

ఆ ఆంటీ పోయిన వారం ఫోన్ చేశారు. సారు పోయారు. నిద్రలోనే పోయారు.

"నువ్వు పసిబిడ్డ తల్లివని సమాధికి పిలవలేదమ్మా. ఆదివారం ఆదరణ కూడిక పెట్టుకున్నాం. నువ్వు సాక్ష్యం చెప్పాల. ఆయన శిష్యుల్లో ఆయనతో ఆ ముళ్ళల్లో పడి తిరిగింది నువ్వొక్కదానివే గదా" అన్నారు.

మా సంఘంలో అది ఆనవాయితీ. పోయిన మనిషి కోసం కూడుకున్నప్పుడు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆ మనిషి తమకు ఏమయ్యాడో చెప్పి కూర్చుంటారు. దాన్ని సాక్ష్యం అంటాం. సరే ఆంటీ అన్నాను. కానీ ఆయన విషయంలో నేను ఇంతకు ముందే ఒకసారి సాక్ష్యం చెప్పాను. ఆయన ఎదురుగానే చెప్పాను. అది నిజం కాదని ఆయనే లేచి అందరికీ చెప్పారు.

పాప పడుకుంది. దోమతెర లోపల పొట్ట లేస్తూ పడుతూ ఉంది. కూడిక అయి వచ్చాక నాకు నిద్ర రావడం లేదు. అందుకని రాస్తున్నాను.

*

ఆయన జేబులో వాడేసిన కంటిచుక్కల సీసా ఒకటి ఉండేది. పాఠం అయిపోయాక బోర్డు కింద పలక మీద రాలిన సుద్దపొడిని కాగితంతో ఊడ్చి ఆ సీసాలో నింపుకునేవారు. అడవిలో పదడుగులు వేసి ఆగడం, సీసా నొక్కడం. చిన్న తెల్లటి పొగ లేచి గాలి ఎటుంటే అటు సాగేది. ఆయన దాన్ని చూసి, గాలికి ఎదురుగా తిరిగి నడిచేవారు. అలవాటైపోయి కాలేజీ వరండాలో కూడా నొక్కేవారు. ప్రిన్సిపాల్ గదిలోకి పోయే ముందు నొక్కడం నేను కళ్ళారా చూశాను. "గాలి ఎటుందో చూసుకొని పోవాల" అని గుసగుసగా అన్నారు.

అడవిపంది అంతరించిపోతున్న జంతువేమీ కాదని మాకు పాఠం చెప్పింది కూడా ఆయనే. పడమర కొండల వైపు పోతే కావలసినన్ని. కానీ మా తీరంలో, కాలువకూ సముద్రానికీ మధ్య, ఒకే ఒక్క మంద మిగిలిందని ఆయన అనేవారు. ఒకవైపు నుంచి రొయ్యల గుంతలు, ఒకవైపు నుంచి చేలు దాన్ని నొక్కుకుంటూ వచ్చాయి. "ఇవి పోతే కొండ పంది వచ్చి ఈడ నిలబడదమ్మా. హైవే దాటి, రైలు పట్టాలు దాటి, గుంతలన్నీ దాటి ఏ పంది వస్తుంది? వచ్చినా దానికి ఈ ఉప్పు బతుకు తెలుసా?" ఈ తీరపు పందులు తుంగగడ్డలు తవ్వుకుంటాయి, రాలిన తాటిపండ్లు తింటాయి. అల వెనక్కి పోయాక తడి ఇసకలో ముట్టె గుచ్చి పీతల్ని లాగుతాయి. పీత ముక్కు పట్టుకుంటే తల విదిలించి, మళ్ళీ అక్కడే గుచ్చుతాయి. అది చెప్పేటప్పుడు ఆయన తనే తల విదిలించేవారు. క్లాసంతా నవ్వేది.

వయసులో ఉన్నప్పుడు ఒక శీతాకాలమంతా ఆయన అస్సాంలో ఉన్నారు. అక్కడి ఎత్తుగడ్డి మైదానాల్లో బతికే బుల్లి అడవిపందిని చూడటానికి. అది నిజంగానే ప్రపంచంలో అంతరించిపోతున్న పంది. ఎంత ఉంటుందో చేత్తో చూపించేవారు. మొదటి సంవత్సరం మాకు చూపించినప్పుడు చెయ్యి మోకాలి దగ్గర ఉంది. చివరి సంవత్సరానికి పిక్క మధ్యకు దిగింది. ప్రేమ పెరిగే కొద్దీ ఆ పంది చిన్నదైపోయిందని మేం అనుకునేవాళ్ళం.

ఆ పంది గడ్డి కోసి గూడు కట్టుకుంటుంది. ఆయన ఒక గూడు కనిపెట్టి, సంబరం పట్టలేక, చూడవచ్చిన ఎవరికో చూపించారు. వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. మళ్ళీ పోయేసరికి ఆ గడ్డి అంతా కాల్చేసి ఉంది. ఎవరు కాల్చారో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. "అగ్గిపుల్ల వాళ్ళది. చూపించిన వేలు నాది" అనేవారు. అప్పటి నుంచి ఆయన నోట ఒక మాట స్థిరపడిపోయింది.

మేం అడవిలోంచి బయటికి వచ్చేటప్పుడు దారి పక్క చేలో రమణయ్య ఉండేవాడు. ఆ అడవిని ఆనుకొని ఉన్న శెనక్కాయ చేను అతనిది. చేని గట్టున, గెనం మీద, చుట్ట కాల్చుకుంటూ మా కోసమే కాచుకొని ఉన్నట్టు కూర్చునేవాడు.

"ఏంది సారూ, ఈ వారమన్నా కనబడినాయా?"

"యాడ రమణయ్యా. ఏం లేవయ్యా, పోయినాయి."

"పోయినాయా? మరి మా చేను దున్నింది ఎవురు సారూ, మా బామ్మర్దా?"

"కుక్కలేమో చూడు."

"కుక్కలు శెనక్కాయలు తింటాయా సారూ?"

"ఆకలైతే తింటాయి. నువ్వు తినడంలా?"

రమణయ్య పొట్ట పట్టుకొని నవ్వేవాడు. వారం వారం ఇదే మాట, ఇదే నవ్వు. టీకొట్టు దగ్గర అడిగినా అదే. కుక్కల్నీ వలల్నీ వేసుకొని మోటార్ సైకిళ్ళ మీద వచ్చే వేటగాళ్ళు అడిగినా అదే. ఏం లేవయ్యా, పోయినాయి. అది అనేటప్పుడు ఆయన మొహంలో ఒక దిగులు కూడా తెప్పించేవారు. అంత బాగా అబద్ధమాడే మనిషిని నేను చూడలేదు. అప్పట్లో అది నాకు బలే ముచ్చటగా ఉండేది. ఆ అబద్ధం లోపల నేనూ ఉన్నాను గదా. ఊరంతా బయట, మేమిద్దరం లోపల.

*

డిగ్రీ చివరి సంవత్సరం, వానలు తెరిపిచ్చిన కాలంలో, ఆయన నన్ను ఒక మొగలి పొద వెనక కూర్చోబెట్టారు. ముందు రోజే చెప్పారు, తలకు నూనె పెట్టుకోవద్దని, పౌడర్ రాసుకోవద్దని. చాలాసేపు ఏమీ లేదు. కాలు తిమ్మిరెక్కింది. దోమలు. కదిలితే ఆయన కళ్ళతోనే తిట్టేవారు.

అప్పుడు వచ్చింది. కడుపు నేలకు రాసుకుంటూ, ఒక్కతే. కాన్పు దగ్గరపడితే తల్లి పంది మందను వదిలిపెట్టి వస్తుందని ఆయన చెప్పి ఉన్నారు. తుంగను పళ్ళతో కొరికి, నోటినిండా కరుచుకొని తెచ్చి ఒకచోట వేసింది. మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చింది. ఎండుపుల్లలు, తాటాకు ముక్కలు, గడ్డి. కుప్ప నడుమెత్తు లేచాక, ముట్టెతో తోసుకుంటూ దాని కిందికి దూరింది. వీపుతో పైకి లేపింది. కుప్పకు కప్పు వచ్చింది. ఇంక పంది కనబడలేదు. గడ్డి మాత్రం మెల్లగా లేస్తూ, పడుతూ ఉంది.

సారు ఏడుస్తున్నారు. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే కదలిక అవుతుందని అలాగే వదిలేశారు.

బయటికి వచ్చాక స్కూటర్ దగ్గర నిలబడి అన్నారు: "ఇది మనిద్దరికే తెలుసు. ఒట్టు వద్దు, మనోళ్ళు ఒట్లు పెట్టుకోరు. ఊఁ అను, చాలు."

ఊఁ అన్నాను.

పిల్లలు బయట తిరిగేటప్పుడు ఇంకొకసారి తీసుకుపోయారు, దూరం నుంచి, దుర్భిణితో. ఒంటి మీద పసుపు చారలున్న పిల్లలు. తల్లి నీడలో పడుకోబోయింది. పడుకునే ముందు ముట్టెతో నేలంతా తడిమింది. గొంతులో గుర్రుగుర్రుమని చప్పుడు చేసింది. పిల్లలు చెదిరి పక్కకు జరిగాయి. అప్పుడు మోకాళ్ళు వంచి, నిదానంగా ఒరిగింది.

"చూసినావా? అంత బరువు" అన్నారు సారు నా చెవి దగ్గర. "చూసుకోకుండా వాలితే దాని పిల్లల్ని అదే చంపుకుంటుంది. అందుకే చెప్పి వాలుతుంది."

*

తర్వాత ఒక కంపెనీ వస్తుందన్నారు. పేరెందుకు. సరుగుడు తోటలు, ఆ తుమ్మ అడవి, దాన్నానుకున్న చేలు అన్నీ పోతాయన్నారు. చేలకు మంచి ధర ఇస్తారన్నారు. ముందుగా ఊళ్ళో జనాన్ని పిలిచి అభిప్రాయాలు అడగాలి. స్కూలు ఆవరణలో షామియానా వేశారు.

ముందు రోజు సారుకు ఫోన్ చేశాను. "సార్, ఇప్పుడన్నా చెప్పాల గదా? చెప్పకుంటే అడవే ఉండదు."

"రామ్మా రేపు. ఇద్దరం ఉంటే మంచిది" అన్నారు.

ఇద్దరం అన్న ఆ మాటను నేను ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. నాకు మాత్రం అది ఒకే అర్థంగా వినబడింది.

అధికారులు బల్ల వెనక కూర్చున్నారు. మజ్జిగ పొట్లాలు పంచారు. మా నాన్న కూడా వచ్చాడు. సారు ముందు వరుసలో ఉన్నారు, ఇస్త్రీ చొక్కాలో. ఉద్యోగాల గురించి, చేపల రేవు గురించి అందరూ మాట్లాడారు. చివరికి పెద్ద అధికారి అడిగాడు, ఈ స్థలంలో వన్యప్రాణులు ఏమైనా ఉన్నాయా అని. సారు లేస్తారని చూశాను. లేవలేదు. నేను లేచాను.

"పందులున్నాయి సార్. ఈ తీరంలో మిగిలిన ఆఖరి మంద. పిల్లలు పెట్టే చోటు నేను చూశాను."

వెనక నుంచి ఎవరో, "మీ వీధి పందులా పాపా?" అన్నారు. నవ్వులు.

"ఎవరితో చూశారమ్మా?" అన్నాడు అధికారి, మర్యాదగానే.

"మా సారుతో. ఇక్కడే ఉన్నారు."

మైకు సారు చేతికి పోయింది. ఆయన లేచి నిలబడ్డారు. ఒక చెయ్యి జేబులో ఉంది. వెనక్కి తిరిగి జనాన్ని ఒకసారి చూశారు. రమణయ్యను, టీకొట్టు వాళ్ళను, ఇంకా చాలామందిని.

"ఆ అమ్మాయి నా శిష్యురాలే. మంచి పిల్ల. పొరబడింది" అన్నారు. తర్వాత, గెనం మీద రమణయ్యకు చెప్పే అదే గొంతుతో, అదే దిగులుతో: "ఏం లేవయ్యా. పోయినాయి."

"కుక్కలేమో చూడు పాపా!" అని అరిచాడు రమణయ్య. షామియానా కింద జనమంతా విరగబడి నవ్వారు. ఆయన కూర్చున్నారు. జేబులో సీసాను ఎంత గట్టిగా నొక్కారో, ప్యాంటు తొడ మీదంతా తెల్లగా ఉంది.

నాన్న నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు. దారిలో ఒకటే మాట అన్నాడు: "సారే లేవంటాండాడు. నీకెందుకుమే?"

నేను పందుల పిల్లనైపోయాను. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు కాఫీ తాగుతూ, "పందులుండాయని చెప్పిన పిల్ల ఈ పిల్లేనా?" అని నవ్వుతూనే అడిగింది. మా ఆయన మంచివాడు, ఆ సంగతి ఎత్తడు. ఎం.ఎస్సీ.కి సీటు వచ్చింది, పోలేదు. ఎగతాళికి భయపడి కాదు. ఏది చూసినా, నిజంగా చూశానా అనిపించడం మొదలైంది. ఆయన పక్కన కూర్చొని చూసిందే చూడనిదైతే, ఒక్కదాన్నే చూసేది ఏం నిలుస్తుంది? ఆ రోగం ఇంకా పోలేదు. పాప ఊపిరి తీస్తున్నట్టు కనబడుతూనే ఉంటుంది. కనబడితే చాలదు నాకు. వేలు ముక్కు దగ్గర పెట్టి చూస్తాను. మళ్ళీ పెట్టి చూస్తాను. గ్యాస్ కట్టేసి పది అడుగులు నడిచి వెనక్కి వస్తాను.

ఆయన అమ్ముడుపోయాడని ఊళ్ళో కొందరన్నారు. అదే స్కూటర్, అదే ఇల్లు, అదే జామచెట్టు. నాకు తెలుసు, ఆయన అమ్ముడుపోలేదు. పోయి ఉంటే నాకు ఎంత సులువుగా ఉండేదో.

*

పాప పుట్టి నెల దాటిన కొత్తలో ఆయన మా అమ్మగారింటికి వచ్చారు. షామియానా తర్వాత అదే మొదలు ఆయన్ని చూడటం. బాగా చిక్కిపోయారు. గేటు బయటే ఆగి, సీసా తీసి నొక్కారు. సుద్దపొగ ఇంటి వైపు సాగింది. ఆయన గబగబా గేటు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చి నిలబడ్డారు, ఆయన మీది గాలి మా వసారాలోకి రాకుండా.

"లోపలికి రానులేమ్మా. పసిబిడ్డ. కొత్త వాసన మంచిది కాదు" అన్నారు.

నేను రమ్మనలేదు కూడా. పాపను అమ్మకిచ్చి గేటు దాకా పోయాను. గేటు తియ్యలేదు.

"ఎందుకు సార్ లేవన్నారు?"

అడుగుతానని ఆయనకు తెలుసనుకుంటాను. వెంటనే చెప్పారు.

"అలవాటమ్మా."

నాకు మొదట అర్థం కాలేదు.

"మైకిచ్చి, పందులుండాయా అన్నారు. వెనకమాల రమణయ్యోళ్ళు ఉండారు. ఇన్నేళ్ళ అలవాటు. నోట్లోంచి అదే వచ్చేసింది."

"వచ్చేస్తే దిద్దుకోవచ్చు గదా సార్. మైకు ఇంకా మీ చేతిలోనే ఉండె గదా."

ఆయన గేటు చువ్వ మీది తుప్పును గోటితో గీకారు.

"దిద్దుకుంటే ఆ పూటకే తీగలు లాగి కరెంటు పెట్టుంటారు. పందులుండాయి కాబట్టి కంపెనీ రాదంటే, పందులు లేకుండా చెయ్యడం వాళ్ళకెంతసేపు?"

"లేవంటే మాత్రం ఏమైంది సార్? పొక్లెయిన్లు వచ్చినాయి. అడవి పోయింది."

"పోయింది" అన్నారు.

"మరి నేను?"

తల ఎత్తి నా వైపు చూశారు. క్లాసులో ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే చూసినట్టే.

"పంది తట్టుకోలేదమ్మా. నువ్వు తట్టుకుంటావనుకున్నా."

లోపల పాప ఏడ్చింది. అమ్మ ఒక చేత్తో పాపను, ఒక చేత్తో కాఫీ గ్లాసును పట్టుకొని వచ్చింది, లోపలికి పిలవవేమే అని నన్ను కసురుతూ. ఆయన పాప వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకొని, గేటు మీదుగా గ్లాసు అందుకొని, నిలబడే తాగి, గ్లాసు నా చేతికిచ్చారు. "వేడిగా బాగుందమ్మా" అని అమ్మతో చెప్పి పోయారు.

అంతే. మళ్ళీ చూడలేదు.

*

కూడిక సారు వాళ్ళ పెరట్లోనే పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న పందిరి. జామచెట్టుకు చొక్కా ఇంకా వేలాడుతూనే ఉంది. ఎవరికీ తియ్యాలని తోచలేదో, తియ్యబుద్ధి కాలేదో. పాస్టరుగారు వాక్యం చెప్పి, "మన సహోదరుడు అబద్ధమెరుగని మనిషి" అన్నారు. నా ముందు వరుసలో రమణయ్య తలూపాడు. చేను అమ్ముకున్నాక అతను టౌన్లో ఇల్లు కట్టుకున్నాడు. బాగా ఒళ్ళు చేశాడు.

ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఫీజు కట్టిన సంగతి ఒకరు, జ్వరంలో ఆస్పత్రికి మోసుకుపోయిన సంగతి ఒకరు. అన్నీ నిజమే. ఆ తర్వాత మైకు నా దగ్గరకు వచ్చింది. పాప నా భుజం మీద నిద్రపోతూ ఉంది. లేవకుండా కూర్చునే చెప్పవచ్చన్నారు. నేను లేచాను.

"మా సారు నాకు కదలకుండా కూర్చోవడం నేర్పించారు. చూడటం నేర్పించారు" అన్నాను. అక్కడితో ఆపి ఉంటే అందరికీ బాగుండేది. "మొగలి పొద వెనక కూర్చొని మేమిద్దరం ఒక తల్లి పందిని చూశాం. అది గూడు కట్టుకోవడం చూశాం. దాని పిల్లల్ని చూశాం. షామియానా కింద నేను చెప్పింది నిజం. సారు చెప్పిందే అబద్ధం."

మైకు గీపెట్టింది. పాస్టరుగారు దగ్గారు. ఎవరో గబగబా పాట ఎత్తుకున్నారు. నేను కూర్చున్నాను. చూసింది చూశాననే ఒక ధీమా లోపల మెల్లగా కుదురుకుంటున్నట్టు అనిపించింది. నా మాట నాకు తిరిగొచ్చిందనుకున్నాను. అక్కడ ఇప్పుడు అడవి లేదు. ఆ మాట వల్ల చచ్చేది ఏదీ లేదు, బతికేదీ లేదు. అయినా నాది నాకు వచ్చింది.

భోజనాల దగ్గర రమణయ్య వచ్చి నా పక్క ఆకు ముందు కూర్చొని పాప బుగ్గ మీద వేలు పెట్టాడు.

"బలే చెప్పినావు పాపా. ఉండినాయి గదా మరి."

"మీకు తెలుసా?"

"తెలవకేంది? కుక్కలు తింటాయా శెనక్కాయలు?" అని ఆ పాత నవ్వే నవ్వాడు. "సారుకూ నాకూ అదొక ఆట. ఆయన లేవంటాడు, నేను నమ్మినట్టుంటా. ఊరంతటికీ తెలుసు."

"మరి ఆ రోజు అందరూ నవ్వినారే?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. దాచుకోవలసింది ఏమీ లేనట్టు చెప్పాడు.

"అమ్ముకోవాలని ఉండినాం పాపా. నువ్వు లేచి ఉండాయంటివి. ఇంక మేం లేచి లేవనాల. చేను అమ్ముకునేటోడు లేవంటే ఎవురు నమ్ముతారు? ఒకరి మొఖాలు ఒకరం చూసుకుంటా ఉండాం. ఇంతలో సారు లేచి లేవన్నాడు. మాకు బో సులువైపోయింది."

పప్పు వడ్డించేవాళ్ళు వస్తే ఆకు ముందుకు జరిపాడు.

వచ్చేటప్పుడు ఆంటీ గేటు దాకా వచ్చారు. కోపంగా ఉన్నారేమోనని తల దించుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకొని, ఎవరూ వినకుండా అడిగారు.

"నిజంగా ఉండినాయా?"

"మీకు చెప్పలేదా ఆంటీ?"

"నాకూ లేవనే చెప్పినాడమ్మా, వారం వారం. లేని పందుల కోసం తిరిగే పిచ్చాయన అనుకున్నా. ఎవురన్నా నవ్వితే ఆయన పక్షాన పోట్లాడినా. పిల్లలుండినాయా వాటికి? ఎట్టుంటాయి?"

"పసుపు చారలుంటాయి ఆంటీ, ఒంటి మీద. ఉడతకు ఉన్నట్టు."

ఆమె జామచెట్టు వైపు తిరిగి, చొక్కాను చాలాసేపు చూశారు. "ఆ మాట నాతో అని ఉంటే లోపలే తగిలించుకోమందును గదా" అన్నారు.

బస్సులో వస్తూ అదే ఆలోచించాను. ఆయన పంచిన ఆ మాట అందరికీ ఏదో ఒకటి ఇచ్చింది. రమణయ్యకు ఇల్లిచ్చింది, కంపెనీకి నేలనిచ్చింది, ఆయనకు అలవాటుగా ఉండే సుఖాన్నిచ్చింది. కింద పడి నలిగింది ముగ్గురం. ఒకరికి గూట్లో పిల్లలున్నాయి, ఒకరికి పెరట్లో చొక్కా ఉంది. మూడోదాన్ని నేను. తట్టుకుంటాననుకున్నారు.

ఇప్పుడు రాయడం ఆపి పడుకోవాలి. మంచం ఇరుకు. పుట్టినప్పటి నుంచి పాప పక్కన వాలాలంటే నాకు భయం, నిద్రలో మీద పడతానేమోనని. అందుకే రోజూ ముందు అరచేత్తో పరుపంతా తడుముతాను. పాప కాలు ఎక్కడుందో, చెయ్యి ఎక్కడుందో చూసుకుంటాను. గొంతులో చిన్నగా ఊఁ ఊఁ అంటాను. పాప నిద్రలోనే జరుగుతుంది. అప్పుడు వాలుతాను.

ఇది ఎక్కడ నేర్చుకున్నావని మా ఆయన ఒకసారి అడిగారు. చెప్పలేదు.

ముందు రోజు ఫోన్లో ఒక్క మాట అని ఉండవచ్చు. రావద్దమ్మా, నేను లేవనే అంటాను అని. మైకు పట్టుకున్నాక ఒక్కసారి నా వైపు చూసి ఉండవచ్చు. జరిగి ఉండేదాన్ని. పంది కూడా ఆ మాత్రం చప్పుడు చేస్తుంది సార్.